మా వార్డు సర్వీస్ రివ్యూ: మూడు స్టార్లు, అందులో ఒకటి మేస్త్రికి

వార్డు నంబరు చెప్పను. చెప్తే ఏ పార్టీయో తెలిసిపోద్ది, ఇంక రివ్యూ పక్కన పెట్టి నువ్వు వాళ్ళ మనిషివా వీళ్ళ మనిషివా అని మొదలెడతారు. కొండవాలు ఏరియా, పైన మెట్ల దారి, కింద గెడ్డ (వాన నీళ్ళు, మురుగు పోయే వాగు), మధ్యలో మేము. విశాఖలో ఇలాంటి వార్డులు బోల్డున్నాయి కాబట్టి ఎవరికి వాళ్ళు మాదే అనుకున్నా పర్లేదు.

బిర్యానీ బాలేకపోతే రాస్తాం, సెల్ రిపేర్ షాపోడి మీద రాస్తాం, ఇంటి పన్ను నీటి పన్ను కట్టి ఏడాది పొడుగునా వాడుకునే దాని మీద మాత్రం ఎవరూ రాయరు. మొన్న మా బిల్డింగ్‌లో కొత్తగా దిగినాయన, "కార్పొరేటర్ ఉంటే ఏటండీ లేకపోతే ఏటండీ, వార్డు సచివాలయం ఉంది కదా" అన్నాడు. పాపం ఆయన ఈ ఊరొచ్చింది 2021 తర్వాత. కార్పొరేటర్ లేని వార్డు ఎలగుంటుందో ఆయన చూళ్ళేదు, మేం తొమ్మిదేళ్ళు చూసేం.

తెలీనివాళ్ళ కోసం. గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల ఊళ్ళని విశాఖ కార్పొరేషన్‌లో కలిపి 2005లో గ్రేటర్ చేసారు. 2007లో 72 వార్డులకి ఎన్నికలు జరిగి కాంగ్రెస్ నుంచి పులుసు జనార్దనరావు గారు మేయర్ అయ్యేరు. ఆ కౌన్సిల్ గడువు 2012 ఫిబ్రవరితో అయిపోయింది. ఆ తర్వాత 2013లో భీమిలి, అనకాపల్లి కలిపారు, వార్డుల హద్దులు మార్చాలన్నారు, కోర్టు కేసులన్నారు, అలా అలా ప్రత్యేకాధికారుల పాలనలోనే ఏళ్ళు గడిచిపోయాయి. సరే 2020లో నోటిఫికేషన్ వచ్చింది, నామినేషన్లు కూడా వేసేసారు, మార్చిలో కరోనా అని ఆపేసారు. చివరికి పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న, అప్పటికి వార్డులు 98.

ఈ మధ్యలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్, అప్పుడు ఊళ్ళో ఒక్క కార్పొరేటర్ లేడు. 2020 మే 7 ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీక్, అప్పుడూ లేడు. కరోనా మొదటి లాక్‌డౌన్, అప్పుడూ అంతే. అధికారులు పని చెయ్యలేదు అనట్లేదు, హుద్‌హుద్ తర్వాత రోడ్ల మీద పడిన చెట్లు ఎంత తొందరగా తీసారో నేనూ చూసాను. కానీ మెయిన్ రోడ్డు వేరు, మా మెట్ల దారి వేరు. నీళ్ళ ట్యాంకర్ కింద సెంటర్లో ఆగిపోయేది, పై ఇళ్ళవాళ్ళు బిందెలతో దిగే సరికి ఖాళీ. పైన కూడా మనుషులున్నారు, సగం ఉంచండి అని డ్రైవర్‌కి చెప్పే అధికారం ఎవరికీ లేదు. పాత కార్పొరేటర్ ఒకాయన లుంగీ ఎగ్గట్టి వచ్చి నిలబడ్డాడు, ఆయన మాట కొంచెం విన్నారు కూడా, పదవిలో లేని మనిషి ఆయన, మొహమాటం కొద్దీ విన్నారంతే. మర్నాడు వేరే డ్రైవర్ వచ్చాడు, ఆ మొహమాటం కూడా లేదు. అందుకే కార్పొరేటర్ ఎంత పనికిమాలినోడైనా నేను ఒక స్టార్ ఇస్తాను, ఇంటి ముందుకెళ్ళి అరవడానికి ఒక గుమ్మం ఉంటాది కాబట్టి. కమిషనర్ ఆఫీసు ముందు అరిస్తే ధర్నా అంటారు, కార్పొరేటర్ గుమ్మం దగ్గర అరిస్తే కూర్చోబెట్టి టీ ఇస్తారు.

2021 ఓటు సంగతి కూడా చెప్పాలి. ఈవీఎం కాదు, బ్యాలెట్ పేపరు, స్వస్తిక్ ముద్ర. మా బూత్‌లో కుర్రాళ్ళందరికీ అదే మొదటిసారి, ముద్ర వేసేసి తడి ఆరకుండా అడ్డంగా మడిచేస్తే ఇంకు వెళ్ళి పక్క గుర్తు మీద అంటుకుంటాది. మా ముందు నిలబడ్డ పెద్దావిడ లైన్లోనే క్లాసు తీసుకుంది, నిలువుగా మడు బాబూ, ఊదుకుని మడు అని. పోలింగ్ ఆఫీసర్ కూడా అంత బాగా చెప్పలేదు.

ఫలితాలు 14న వచ్చాయి. వైసీపీ 58, టీడీపీ 30, జనసేన 3, స్వతంత్రులు 4, బీజేపీ, సీపీఐ, సీపీఎం తలా ఒకటి. మా వీధి పెద్దాయన ఒకరు దీని మీద ఇప్పటికీ బాధపడతాడు, ఎందుకంటే 1979లో కార్పొరేషన్ అయ్యాక 1981లో ఈ ఊరికి మొదటి మేయర్ బీజేపీ ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు. పార్టీ పుట్టిన మరుసటి ఏడే ఊరు చేతికొచ్చింది, నలభై ఏళ్ళకి ఒక్క వార్డు మిగిలింది. ఆయన ఈ కథ మొదలెడితే టిఫిన్ చల్లారిపోద్ది, జాగ్రత్త.

మేయర్‌ని మనం డైరెక్టుగా ఎన్నుకోం, కార్పొరేటర్లు, ఎమ్మెల్యేల్లాంటి ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటారు, ఇది చాలామందికి తెలీదు. 2021లో 11వ వార్డు నుంచి గెలిచిన గొలగాని హరి వెంకటకుమారి గారు అలాగే అయ్యేరు. నాలుగేళ్ళు నిండాక 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసం పెట్టి 74 ఓట్లతో దించేసారు, మూడింట రెండొంతుల లెక్కన సరిగ్గా కావలసింది కూడా 74. అదే నెల 28న టీడీపీ పీలా శ్రీనివాసరావు గారు మేయర్ అయ్యేరు. 58 మంది ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన కౌన్సిల్లో ఇది ఎలా కుదిరిందో లెక్క మీరే వేసుకోండి. మనం 2021లో ముద్ర వేసిన గుర్తుకీ 2025లో చెయ్యెత్తిన మనిషికీ సంబంధం లేకపోతే ఇంక ఆ ఓటుకి గ్యారంటీ కార్డు ఏది? అయిదు స్టార్లలో ఒకటి ఇక్కడ కట్. ఓటింగ్ ముందు కార్పొరేటర్లు క్యాంపులకి కూడా పోయారంట, ఆ పది రోజులూ మా వీధి లైటు గురించి ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు సచివాలయం. 2019 అక్టోబర్ 2న మొదలైంది, మా దగ్గర రెండు గదుల అద్దె బిల్డింగ్. శానిటేషన్‌కి ఒకరు, ఎమెనిటీస్‌కి (నీళ్ళు, రోడ్లు, లైట్లు) ఒకరు, ప్లానింగ్‌కి ఒకరు, అలా పంచేసారు. ఇన్‌కమ్ సర్టిఫికెట్, పెన్షన్, ఆధార్ అప్‌డేట్ లాంటి వాటికి నిజంగా బావుంది, పాత రోజుల్లో జోనల్ ఆఫీసుకి బస్సెక్కి పోయేవాళ్ళం, ప్యూనుని బతిమాలేవాళ్ళం. ఇప్పుడు కొన్ని వాట్సాప్‌లోనే అయిపోతున్నాయి. దీనికి ఒక స్టార్ పూర్తిగా ఇస్తాను.

కానీ కాయితం పని వేరు, గెడ్డ పని వేరు. గెడ్డ కల్వర్టు కింద పూడిక గురించి కంప్లయింట్ పెడితే ఫోన్‌కి "పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది, గెడ్డలోకి తొంగి చూస్తే అదే థర్మాకోల్, అదే పాత పరుపు, పరుపు మీద ఒక కుక్క పడుకుని ఉంది. మళ్ళీ అడిగితే మాది కాదు ఇంజినీరింగ్ వాళ్ళదన్నారు, వాళ్ళనడిగితే ఎస్టిమేట్ వెయ్యాలన్నారు. చివరికి పని చేయించింది శానిటరీ మేస్త్రి, అంటే పారిశుధ్య కార్మికుల చేత పని చేయించే ఆయన. పొద్దున్న ఆరింటికి మస్టర్ (కార్మికులకి హాజరు వేసే చోటు) దగ్గర పట్టుకుని చెప్పాం, నలుగురు కార్మికుల్ని తీసుకొచ్చి కల్వర్టు నోటికి అడ్డం పడింది తీయించేసాడు. మూడో స్టార్ ఆయనది, పార్టీలకి సంబంధం లేదు.

2021లో గెలిచిన కౌన్సిల్ మొదలైంది మార్చి 18న, అయిదేళ్ళ లెక్కన గడువు 2026 మార్చి. మళ్ళీ తొమ్మిదేళ్ళు ఆగకుండా ఎన్నికలు పెడితే చాలు. కొత్తగా ఈ వార్డుకొచ్చేవాళ్ళు చెయ్యాల్సింది ఏటంటే, ఓటరు లిస్టులో పేరు ఏ వార్డులో ఉందో ఇప్పుడే చూసుకోండి, ఇల్లు మారితే పేరు పాత వార్డులోనే ఉండిపోద్ది. సచివాలయానికి పదిన్నర తర్వాత పోండి, జిరాక్సు ముందే తీయించుకుని పోండి, పక్క షాపోడు రేటు ఎక్కువ తీసుకుంటాడు. గెడ్డ పూడిక సంగతి మే నెల లోపలే అడగండి, వానలు పడ్డాక అడిగితే నీళ్ళు తగ్గనివ్వండి అంటారు. మేస్త్రికి ఫోన్ చెయ్యొద్దు, ఎత్తడు, పొద్దున్నే మస్టర్ దగ్గరికే వెళ్ళండి.