గోటెక్ ఫ్లాపీ ఎమ్యులేటర్: చెమ్మ నేలలో పాత కంప్యూటర్లకు పనికొస్తుందా?

కోనసీమలో అటక మీద పాతికేళ్లు పడున్న ఫ్లాపీ డబ్బా మూత తీస్తే విషయం ముందు ముక్కుకే తెలిసిపోతుంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రేకు పక్కకు జరిపి వెలుగులో చూడండి: నల్లటి పొర మీద తెల్లటి చుక్కలు, అంచుల వెంట సన్నటి బూజు. అలాంటి ఫ్లాపీని నేరుగా డ్రైవులో పెడితే హెడ్డు ఆ బూజుని గీరి, పూత ఊడగొట్టి, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది. డ్రైవు పరిస్థితీ అంతంతమాత్రమే. హెడ్డు జరిగే కడ్డీ మీద గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది, సముద్రానికి దగ్గరగా అంతర్వేది, ఉప్పాడ వైపైతే ఉప్పు గాలికి తుప్పు కూడా తోడవుతుంది. ఈ నేల మీద పాత కంప్యూటర్ని రోజూ నడపాలనుకునేవాళ్లు ఫ్లాపీలనే నమ్ముకుంటే కుదరదు. అందుకే ఈ సమీక్ష గోటెక్ గురించి.

గోటెక్ అంటే మూడున్నర అంగుళాల ఫ్లాపీ డ్రైవు కొలతల్లోనే ఉండే డబ్బా. వెనక అదే 34 పిన్నుల కనెక్టర్, అదే నాలుగు పిన్నుల చిన్న పవర్ కనెక్టర్. ముందు ఫ్లాపీ దూర్చే చీలిక ఉండాల్సిన చోట పెన్‌డ్రైవ్ సాకెట్టు, రెండు బటన్లు, మూడంకెల డిస్‌ప్లే. పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్‌ని, అంటే ఒక ఫ్లాపీలో ఉన్నదంతటికీ నకలైన ఫైలుని, కంప్యూటర్‌కి ఫ్లాపీలా చూపిస్తుంది. దీన్ని తయారుచేసింది పాత కంప్యూటర్ల సరదా ఉన్నవాళ్ల కోసం కాదు, ఫ్లాపీలతో నడిచే ఎంబ్రాయిడరీ మిషన్ల లాంటి వాటి కోసం. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఎంబ్రాయిడరీ విడిభాగాల కింద కూడా చూడండి.

తీర్పు ముందే చెప్పేస్తే: కొన్నది కొన్నట్టే వాడితే ఇది సగం వస్తువు. కంపెనీ ఫర్మ్‌వేర్ (డబ్బాని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం) పెన్‌డ్రైవ్‌ని అంకెలు వేసిన గదులుగా విడగొడుతుంది, ఏ గదిలో ఏముందో కాగితం మీద రాసుకోవాలి, పీసీ ఫార్మాట్లు తప్ప మిగతావి రావు. కీర్ ఫ్రేజర్ రాసి ఉచితంగా ఇస్తున్న ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ ఎక్కించాక మాత్రం పాత కంప్యూటర్ మీద పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా ఫలితమిచ్చేది కనపడదు.

కొనేటప్పుడు లోపలి చిప్పు ఏదో అడగండి. మొదట్లో వచ్చినవాటిలో ఎస్‌టీఎం32ఎఫ్105 ఉండేది, తర్వాత వచ్చినవాటిలో ఆర్టెరీ కంపెనీ ఏటీ32ఎఫ్415 వస్తోంది. ఫ్లాష్‌ఫ్లాపీ రెండిటి మీదా నడుస్తుంది. తేడా ఎక్కించే పద్ధతిలోనే. ఫ్లాష్‌ఫ్లాపీ ముందే ఎక్కించి, ఓలెడ్ తెర (అక్షరాలు చూపే చిన్న తెర) బిగించి అమ్మేవాళ్లు అదనంగా తీసుకుంటారు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవాళ్లకి ఆ అదనం దండగ.

ఎక్కించే పనికి రెండు వైపులా మగ కొసలుండే యూఎస్‌బీ కేబుల్ ఒకటి కావాలి. డబ్బా విప్పి, బోర్డు అంచున ఉన్న రంధ్రాల్లో బూట్0 అనే దాన్ని 3.3 వోల్టుల దానికి ఒక జంపర్‌తో కలపండి. పవర్ కనెక్టర్‌కి ఏమీ తగిలించకండి, కరెంటు కేబుల్ నుంచే వస్తుంది. రెండు వైపుల నుంచి ఒకేసారి ఇస్తే లాప్‌టాప్ పోర్టుకే ప్రమాదం. ఇప్పుడు కేబుల్‌ని లాప్‌టాప్‌కి పెడితే చిప్పు డీఎఫ్‌యూ మోడ్‌లో, అంటే కొత్త ఫర్మ్‌వేర్ తీసుకునే స్థితిలో, కనిపిస్తుంది. ఎస్‌టీఎం చిప్పైతే ఆ కంపెనీ డీఎఫ్‌యూ టూల్, ఆర్టెరీ చిప్పైతే ఆర్టెరీ ఐఎస్‌పీ ప్రోగ్రామర్ వాడాలి. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చిప్పు చదవనివ్వకుండా తాళం వేసి వస్తుంది. ముందు రీడ్ ప్రొటెక్షన్ తీసేయమని ఆజ్ఞ ఇవ్వాలి. దాంతో పాత ఫర్మ్‌వేర్ మొత్తం చెరిగిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. కంపెనీ ఫర్మ్‌వేర్ అవసరమున్న ఎంబ్రాయిడరీ మిషన్‌లోంచి ఊడదీసిన డబ్బా మీద ప్రయోగం చేయొద్దనేది అందుకే. తాళం తీశాక ఫ్లాష్‌ఫ్లాపీ ఫైలు ఎక్కించి, జంపర్ తీసేసి, మళ్లీ పవర్ ఇవ్వాలి. జంపర్ తీయడం మర్చిపోతే డిస్‌ప్లే వెలగదు, బోర్డు పోయిందని కంగారుపడక్కర్లేదు.

ఇదంతా ఒక్కసారే. తర్వాత కొత్త వెర్షన్ వస్తే దాని యూపీడీ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల బయట పెట్టి, రెండు బటన్లూ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే చాలు. పాత యూపీడీ ఫైలుని ముందే తీసేయండి, రెండుంటే ఏది తీసుకోవాలో తేలక ఆగిపోతుంది.

మూడంకెల డిస్‌ప్లే తీసేసి 0.91 అంగుళాల ఓలెడ్ తెర పెట్టుకోవడం తప్పకుండా చేయాల్సిన మార్పు. 128 బై 32 చుక్కలది, నాలుగు తీగలది. అప్పుడు ఫైలు పేరే కనిపిస్తుంది, ఫోల్డర్లలోకి వెళ్లొచ్చు. బీటెక్ పిల్లలు ప్రాజెక్టులకి కొనే సామాన్ల దగ్గరే ఈ తెర దొరుకుతుంది. కాకినాడ, భీమవరం వైపు ఇంజనీరింగ్ కాలేజీలకి లోటు లేదు కాబట్టి ఊళ్లో వాకబు చేశాకే ఆన్‌లైన్‌కి వెళ్లండి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠీలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త: కొన్ని తెరల మీద మొదటి పిన్ను గ్రౌండు, రెండోది వోల్టేజి; కొన్నిటి మీద అటుదిటు. రంగు తీగల్ని చూసి కాకుండా తెర మీద అచ్చైన అక్షరాలు చదివి కలపండి, తిరగేస్తే తెర కాలిపోతుంది. తీగలు పొట్టిగా ఉంచండి. తెర తలకిందులుగా బిగించాల్సి వస్తే పెన్‌డ్రైవ్‌లో ఉంచే ఎఫ్‌ఎఫ్.సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైల్లో తిప్పి చూపమని చెప్పొచ్చు. తిప్పే నాబ్ కూడా పెట్టుకోవచ్చు గానీ కొన్ని బోర్డుల్లో దానికోసం చిప్పు దగ్గరే సన్నటి తీగలు అతికించాలి. చెయ్యి తిరగనివాళ్లు బటన్లతో సరిపెట్టుకోవడమే మేలు.

ఇక అసలు తలనొప్పి, జంపర్లు, అంటే గోటెక్ వెనక పిన్నుల జతల్ని కలిపే చిన్న తొడుగులు. 386, 486 పీసీలో మధ్యలో మెలిక ఉన్న రిబ్బన్ కేబుల్ వస్తుంది. మెలిక దాటిన కొసకి గోటెక్ పెట్టి ఎస్1 జంపర్ వేస్తే అది పీసీకి ‘ఏ:’ డ్రైవు అవుతుంది. జేసీ జంపర్ కూడా వేయాలి, దాంతో ఫ్లాష్‌ఫ్లాపీకి ఇది ఐబీఎం పీసీ అని తెలుస్తుంది. జేసీ ఖాళీగా వదిలేస్తే షుగార్ట్ పద్ధతిలో, అంటే పీసీలు కాని చాలా పాత యంత్రాలు వాడే పద్ధతిలో, నడుస్తుంది. అప్పుడొచ్చే లక్షణం చాలామందిని తికమక పెడుతుంది: ఇమేజ్ మార్చినా డాస్‌లో డైరెక్టరీ కొడితే పాత ఫ్లాపీ జాబితానే వస్తుంది. పీసీ 34వ పిన్ను మీద ఫ్లాపీ మారిందన్న కబురు కోసం చూస్తుంటే, షుగార్ట్ పద్ధతిలో అదే పిన్ను మీద సిద్ధం అన్న కబురు వెళ్తుంది. ఆ స్థితిలో ఏదైనా రాస్తే పాత ఫ్లాపీ పట్టిక కొత్త ఇమేజ్ మీద పడి మొత్తం చెడిపోతుంది. మొదటిరోజే రెండు ఇమేజ్‌లు మార్చి చూసుకోండి.

కేబుల్ తిరగబడితే గోటెక్‌కి ఏమీ కాదు, డ్రైవు ఎప్పుడూ ఎంపికైనట్టే ఉండిపోయి కంప్యూటర్ చదవలేదు. బేసి సంఖ్య పిన్నులన్నీ గ్రౌండు కాబట్టి తిప్పి పెట్టగానే సిగ్నళ్లన్నీ గ్రౌండుకి చేరతాయి. ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు ఉండాలి. పవర్ కనెక్టర్ తిరగబడితే మాత్రం క్షమించదు. గోటెక్‌కి 5 వోల్టులే కావాలి, అటు చివరనున్న 12 వోల్టులు ఆ చోటుకి వస్తే బోర్డు అయిపోయినట్టే. పెట్టే ముందు మల్టీమీటర్‌తో 4.75, 5.25 వోల్టుల మధ్య ఉందో లేదో చూడండి. అదే సందర్భంలో 386 మదర్‌బోర్డు మీద 3.6 వోల్టుల పీపా ఆకారం బ్యాటరీ కనిపిస్తే మారు ఆలోచించకుండా కత్తిరించి తీసేయండి. కారిన క్షారం రాగి దారుల్ని తినేస్తుంది, చెమ్మలో ఇంకా తొందరగా. ఆకుపచ్చ మరకల్ని వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి.

ఎక్స్‌టీ యంత్రానికి (386 కన్నా ముందటి ఐబీఎం పీసీ రకం) 1.44 మెగాబైట్ల ఇమేజ్ ఇచ్చి పనిచేయలేదని గోటెక్‌ని తిట్టుకోవద్దు. దాని కంట్రోలర్ వేగం సగమే. 360 కిలోబైట్ల ఇమేజ్ ఇవ్వండి, ఫైలు సైజు సరిగ్గా 3,68,640 బైట్లు ఉండాలి. ఫ్లాష్‌ఫ్లాపీ ఐఎంజీ ఫైలుని సైజు బట్టే గుర్తుపడుతుంది, ఒక్క బైటు తేడా ఉన్నా చిక్కే. 720 కిలోబైట్లు కావాలంటే డాస్ 3.2 నుంచి వచ్చిన డ్రైవర్.సిస్ సాయం తీసుకోవాలి.

ఏకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో కంప్యూటర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద మన దేశపు బడులకి వచ్చింది ఈ యంత్రమే కాబట్టి ఎప్పుడైనా చేతికి దొరికే అవకాశం ఉంది. దొరికిన వెంటనే ప్లగ్ పెట్టకండి. పవర్ సప్లైలో పసుపుపచ్చగా పారదర్శకంగా కనిపించే రెండు కెపాసిటర్ల పైపొర సన్నగా పగులుతుంది, లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది, కరెంటు ఇచ్చిన కాసేపటికే ఇల్లంతా పొగ. 0.1, 0.01 మైక్రోఫారడ్‌లవి, 275 వోల్టుల ఎక్స్2 రకం కొత్తవి వేయాలి. పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, విప్పే ముందు మీటర్ పెట్టి చూడండి.

తర్వాత గోటెక్. మెలికలేని తిన్నని కేబుల్, ఎస్0 జంపర్, జేసీ ఖాళీ. సెట్టింగుల ఫైల్లో హోస్ట్ అని ఉన్నచోట ఏకార్న్ అని రాయండి. ఒక వైపు ఫ్లాపీకి ఎస్‌ఎస్‌డీ ఫైలు, రెండు వైపులదానికి డీఎస్‌డీ. 80 ట్రాకుల ఒక వైపు 200 కిలోబైట్లు. రెండో వైపు డీఎఫ్‌ఎస్‌లో (ఆ యంత్రం డిస్కులు చదివే వ్యవస్థలో) 2వ డ్రైవుగా కనిపిస్తుంది, చాలామంది అది తెలియక సగం ఇమేజ్ ఖాళీ అనుకుంటారు. షిఫ్ట్ నొక్కి బ్రేక్ కొడితే బూట్ అవ్వాలి. అవకపోతే ముందు చూడాల్సింది లోపల డిస్క్ కంట్రోలర్ చిప్పు అసలుందా అని. మోడల్ బీ యంత్రాల్లో కొన్నిటికే అది ఉంటుంది, 8271 చిప్పు ఇప్పుడు దొరకడం కష్టం. 1770 చిప్పున్న చిన్న బోర్డు వేసుకోవడం తెలివైన దారి.

కమొడోర్ అమిగా కంప్యూటర్‌కి ఎస్0 జంపర్, 880 కిలోబైట్ల ఏడీఎఫ్ ఫైళ్లు, అంతే. పెట్టెలో బిగించేటప్పుడు బటన్లూ సాకెట్టూ చిల్లులకి ఎదురుగా రావు. పెట్టెని కోయకుండా ఓలెడ్‌ని బయటికి లాగడం నయం.

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉండాలి, దాని పార్టిషన్ పట్టిక పాత ఎంబీఆర్ రకం కావాలి. చిన్న సైజుది, మంచి కంపెనీది చాలు. నాసిరకం వాటితో చదవడం బాగానే ఉంటుంది, రాసేటప్పుడు మొరాయిస్తాయి. ఫైల్ సేవ్ చేసిన వెంటనే పెన్‌డ్రైవ్ లాగేయొద్దు, కరెంటు పోయే కాలంలో యూపీఎస్ మీద వాడండి.

గోటెక్ చేయలేని పని ఒకటుంది: బూజు పట్టిన ఆ పాత ఫ్లాపీల్లో ఉన్నది బయటికి తీయడం. దానికి అసలు డ్రైవు ఒకటీ, దాన్ని యూఎస్‌బీకి కలిపే గ్రీజ్‌వీజిల్ బోర్డు ఒకటీ కావాలి. ఆ పనిముట్టు కూడా కీర్ ఫ్రేజర్‌దే. పోయినా ఫర్వాలేదనుకునే డ్రైవుని అందుకు కేటాయించండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రేకు తెరిచి, మధ్య చక్రాన్ని వేలితో తిప్పుతూ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రెండు వైపులా మెల్లగా అద్దాలి, రుద్దకూడదు. దూదికి గోధుమరంగు పొర అంటితే ఆపేయండి, ఊడేది డేటానే. ఐదుంపావు అంగుళాలదైతే తొడుగు అంచు కోసి పళ్లెం బయటికి తీసి, చుక్క సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, మంచి తొడుగులో పెట్టి చదవాలి. ప్రతి ఫ్లాపీ తర్వాతా హెడ్డు తుడవాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. సంక్రాంతి దాటాక గాలి పొడిగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టండి. తీసిన ఇమేజ్‌లని రెండు చోట్ల దాచాకే ఫ్లాపీలని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి.