ఏడేళ్లుగా వాడుతున్న డోర్ కార్డు రీడర్లు: బీప్ వచ్చినా తలుపు రానప్పుడు

విశాఖపట్నంలో మా ఐదంతస్తుల కార్యాలయ భవనం నిర్వహణ బాధ్యత నాది. 2018లో ఇక్కడ ఎనిమిది తలుపులకు 125 కిలోహెర్ట్జ్ ప్రాక్సిమిటీ కార్డు రీడర్లు (కార్డు దగ్గరగా చూపిస్తే దానిలోని సంఖ్యను చదివేవి) బిగించారు. మూడు తలుపులకు లోపలా బయటా రెండేసి రీడర్లు, మిగతా ఐదింటికి బయట ఒక రీడరు, లోపల ఎగ్జిట్ బటన్ ఉన్నాయి. అంటే మొత్తం 11 రీడర్లు, రీడరు పంపిన సంఖ్యను సరిచూసి తలుపు తెరిచే, నాలుగేసి తలుపులను చూసుకునే రెండు కంట్రోలర్లు, ప్రతి తలుపుకూ 12 వోల్టుల ఈఎం లాక్ (కరెంటు ఉన్నంతసేపూ తలుపును పట్టి ఉంచే విద్యుదయస్కాంతం). ‘కార్డు తీసుకోవట్లేదు’ అన్న ఫిర్యాదు ఈ ఏడేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు గానీ, నిజంగా రీడరే పాడైందని తేలినవి రెండే. ఒకటి ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కలిపినందువల్ల పోయింది, రెండోది పిడుగు పడిన రాత్రి పోయింది. రీడరు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. దాని వెనక ఉన్న తీగల మీద మాత్రం చాలా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ కాలం నన్ను తిప్పలు పెట్టింది వెనక గేటు. రాత్రి డ్యూటీకి వచ్చే ఆడపిల్లలు వానలో బయట నిలబడిపోతున్నారని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను ఒకే మాట చెప్పేవాడు: “సార్, కూత కూస్తోంది గానీ తలుపు రావట్లేదండి.” నిజానికి అసలు ఆచూకీ ఆ మాటలోనే ఉంది, నేను ఆలస్యంగా అర్థం చేసుకున్నాను. సంఖ్యను కంట్రోలర్‌కు ఒకవైపే పంపే వీగాండ్ పద్ధతిలో పనిచేసే రీడరు కార్డును చదవగానే తనంతట తాను బీప్ కొడుతుంది. ఆ సంఖ్య కంట్రోలర్‌కు చేరిందో లేదో దానికి తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. కాబట్టి బీప్ వచ్చి కంట్రోలర్ లాగ్‌లో ఏమీ నమోదు కాలేదంటే కార్డును రీడరు చదివిందని, లోపం చాలావరకు రీడరుకూ కంట్రోలర్‌కూ మధ్య తీగలో ఉందని అనుమానించవచ్చు.

ఆ మధ్యలో పోయేది 26 బిట్ల సమాచారం. మొదట ఒక పారిటీ బిట్ (తప్పు పట్టుకోవడానికి పెట్టేది), తరవాత 8 బిట్ల ఫెసిలిటీ కోడ్ (కార్డుల సముదాయాన్ని గుర్తించే సంఖ్య), 16 బిట్ల కార్డు సంఖ్య, చివర మరో పారిటీ బిట్ ఉంటాయి. సున్నాలు ఆకుపచ్చ తీగ మీద, ఒకట్లు తెల్ల తీగ మీద వెళతాయి. ఒక్క పల్స్ తప్పిపోయినా లెక్క 26కు రాదు, మా కంట్రోలర్ ఎవరికీ చెప్పకుండా దాన్ని పారేస్తుంది. తీగను అనుమానించాలా, కంట్రోలర్‌నా అన్నది తేల్చడానికి నేను ఇప్పుడు చేసే పని ఒకటే. స్పేర్ రీడరుకు మూరెడు తీగ కలిపి, దాన్ని నేరుగా కంట్రోలర్ టెర్మినల్‌కు తగిలించి కార్డు చూపిస్తాను. అక్కడ లాగ్ పడిందంటే కంట్రోలర్ మంచిదే. ఇక గేటు దాకా ఉన్న కేబుల్‌ను వెతకాలి. అలా వెతికితే గేటు స్తంభం పక్కన, ప్లాస్టరు కింద, ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు బయటపడింది. టేపు విప్పగానే ఆకుపచ్చ తీగ రాగి మొత్తం చిలుము పట్టి, వేలు తగలగానే పుటుక్కున తెగింది. సముద్రపు గాలి తగిలే చోట అలాంటి జాయింటు వేయడం పాపమే. ఆ జాయింటును తీసేసి, షీల్డు (తీగల చుట్టూ లోహపు కవచం) ఉన్న మెలిపెట్టిన జతల కేబుల్‌ను మధ్యలో ఎక్కడా తెంపకుండా లాగించాను. షీల్డును కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేయించాను. అప్పటి నుంచి గేటు మీద ఒక్క ఫిర్యాదు లేదు.

నాలుగో అంతస్తు రీడరు కథ వేరు. సర్వీసుకు వచ్చిన టెక్నీషియన్ ముందుగా తలుపు తెరిచి ఉంచడానికి లాక్ సప్లై తీసేసేవాడు, అప్పుడు రీడరు చక్కగా పనిచేసేది. అతను వెళ్లాక మళ్లీ లైటు మినుకుమినుకుమనేది. లాక్ పట్టుకుని ఉన్నప్పుడే మల్టీమీటర్ పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. ప్యానెల్ దగ్గర 12.1 వోల్టులున్నది రీడరు దగ్గరికి వచ్చేసరికి 8.9కి పడిపోయింది. సుమారు అర ఆంపియర్ తీసుకునే లాక్‌కూ, దాంట్లో ఐదో వంతు కూడా తీసుకోని రీడరుకూ కలిపి 40 మీటర్ల దూరం ఒకే సన్నని 24 గేజి జత వేశారు. రానూపోనూ 80 మీటర్ల ఆ తీగ నిరోధం సుమారు 6.7 ఓములు, మూడు వోల్టులు దారిలోనే ఖర్చవుతున్నాయి. లాక్‌కు విడిగా లావు తీగ వేయించాక రీడరు దగ్గర 11.6 వచ్చింది. ఆ పనిలోనే ప్రతి లాక్ టెర్మినళ్ల మీద ఒక 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది), గీత ఉన్న కొస ప్లస్సు వైపు ఉండేలా పెట్టించాను. తలుపు విడిచే క్షణంలో లాక్‌లోని కాయిల్ వెనక్కి కొట్టే వోల్టేజివల్ల కంట్రోలర్ బిగుసుకుపోవడం దాంతో ఆగింది.

అల్యూమినియం ఫ్రేము మీద నేరుగా బిగించిన రీడరుకు కార్డు పూర్తిగా ఆనిస్తే తప్ప పనిచేయదు. వెనకాల 10 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్క పెడితే కార్డు చదివే దూరం తిరిగి వస్తుంది. సన్నని పార్టిషన్‌కు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు రీడర్లు పెట్టినా ఒకదాన్నొకటి చెరుపుతాయి. మేము అర మీటరు ఎడంగా జరిపాం.

కొత్త కార్డుల విషయంలో రీడరును నిందించే ముందు అంకెలు చూడాలి. కార్డు మీద ఒకే సంఖ్య రెండు రూపాల్లో అచ్చయి ఉంటుంది: 0004741709 అన్నా, 072,23117 అన్నా ఒకటే, ఎందుకంటే 72ను 65536తో గుణించి 23117 కలిపితే మొదటిది వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక రూపం అడుగుతుంటే మా ఆఫీసులో రెండోది ఎక్కించారు, ఒక రోజంతా కొత్తగా చేరినవాళ్లు బయటే నిలబడ్డారు.

మళ్లీ కొనవలసి వస్తే ఇవే కొంటానా అంటే, కొనను. మన్నికలో లోటు లేదు, ఎండకూ వానకూ ఓర్చాయి. కానీ 125 కిలోహెర్ట్జ్ కార్డు తన సంఖ్యను ఏ రీడరు అడిగినా దాపరికం లేకుండా చెప్పేస్తుంది, చవక పరికరంతో క్షణాల్లో నకలు తీయవచ్చు. రీడరు తీగ ఎవరైనా కోసినా కంట్రోలర్‌కు తెలియదు. అందుకే సర్వర్ గదికి నిరుడు వీగాండ్‌కు బదులు ఓఎస్‌డీపీ అనే పద్ధతిలో పనిచేసే రీడరు పెట్టించాను. 2020లో ఐఈసీ 60839-11-5గా ప్రమాణమైన ఈ పద్ధతిలో ఆర్ఎస్-485 తీగ మీద మాటలు రెండు వైపులా నడుస్తాయి, వాటిని ఎన్‌క్రిప్ట్ చేసుకునే (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చే) వీలుంది, రీడరు ఊడితే వెంటనే అలారం వస్తుంది. మిగిలిన పదింటిలో ముందుగా వెనక గేటుది మార్చమని అడిగాను. అక్కడ వేయించిన కొత్త కేబుల్ దీనికీ సరిపోతుంది, గోడ మళ్లీ తవ్వనక్కర లేదు.