జిల్లా బస్సు ఊళ్లోకి రావాలా, రింగు రోడ్డు దగ్గరే ఆగాలా: ఏది మేలు?

హనుమకొండ చౌరస్తాలో ట్రాఫిక్ కట్టుకుపోయిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తుంది. "జిల్లా బస్సులన్నీ ఊళ్లోకెందుకు? రింగు రోడ్డు కాడ ఆపేసి, అక్కణ్నుంచి సిటీ బస్సులేస్తే పీడ పోతది కదా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది సొంత బండి మీద తిరిగేవాళ్లే. పరకాల బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చేవాళ్లు అడిగేది వేరు: "ఎంజీఎం ఆస్పత్రి కాడ ఆపుతరా?"

మన ముందున్న దారులు ముఖ్యంగా మూడు. ఇప్పటిలాగే బస్సులు హనుమకొండ, వరంగల్ బస్టాండ్ల దాకా వచ్చి అక్కడే నిలవడం ఒకటి. ఊరి అంచున ఆపి జనాన్ని సిటీ బస్సుల్లోకి మార్చడం రెండోది. బస్సు ఊళ్లోకే వచ్చి దింపి, ఎక్కించుకుని, తన టైం దాకా నిలవడానికి మాత్రం బయటికి పోవడం మూడోది. పొద్దున, సాయంత్రం కొన్ని గంటలు పెద్ద బస్సులు రాకుండా చూడటం లాంటివి కూడా ఉన్నాయి, వాటి గురించి చివర్లో రెండు ముక్కలు చాలు.

ఇప్పుడున్న పద్ధతిని తీసిపారేయడానికి లేదు. భూపాలపల్లి నుంచి వచ్చే రోగికి ఒకే బస్సు, ఒకే టికెట్. ములుగు రోడ్డు జంక్షన్‌లో దిగితే ఎంజీఎం దగ్గరే. కోర్టు పనికి వచ్చినవాళ్లు హనుమకొండలో దిగి అదాలత్ వైపు పోతారు. నర్సంపేట వైపు నుంచి బట్టలు కొనడానికి వచ్చినవాళ్లకు వరంగల్ చౌరస్తా కావాలి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మనది ఒకే నడిబొడ్డు ఉన్న ఊరు కాదు. హనుమకొండ ఒకటి, వరంగల్ స్టేషన్ ఒకటి, కాజీపేట ఒకటి. కరీంనగర్ నుంచి వచ్చి వరంగల్‌లో రైలెక్కాల్సినవాళ్లలో చాలామంది ఈ రోజుకీ హనుమకొండలో దిగి ఇంకో బండి ఎక్కుతున్నారు. బస్సును చింతగట్టు దగ్గరే ఆపితే వాళ్లకు రెండుసార్లు మారడం తప్పదు.

మరి జామ్ ఎందుకు అవుతోంది? బస్టాండు గేటు దగ్గర అరగంట నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మన ప్లాట్‌ఫారాలకు బస్సు ముక్కు ముందుకు పెట్టి ఆనుకుంటుంది. బయటికి రావాలంటే వెనక్కి తీయాల్సిందే. కండక్టర్ దిగి, వెనక నిలబడి విజిల్ వేస్తూ చెయ్యి ఊపుతుంటే, డ్రైవర్ అద్దంలో చూసుకుంటూ కొద్దికొద్దిగా తీస్తాడు. ఆ నిమిషం, నిమిషంన్నర సేపు లోపలి దారి మూత పడ్డట్టే. లోపలికి రావాల్సిన రెండు బస్సులు గేటులో ఆగుతాయి, మూడోది రోడ్డు మీదే ఆగుతుంది. అది ఆగగానే జనం అక్కడే దిగడం మొదలుపెడతారు, దిగేవాళ్ల కోసం ఆటోలు చుట్టూ చేరతాయి. అవతలి నుంచి చూసేవాళ్లకు కనిపించేది రోడ్డుకు అడ్డంగా ఉన్న బస్సే. దాన్ని లోపలికి రానివ్వకుండా ప్లాట్‌ఫారం మీద కదలకుండా ఉన్న బస్సు వాళ్లకు కనపడదు.

తేల్చే లెక్క ఇక్కడుంది. ఒక బస్సు ప్లాట్‌ఫారం మీద 20 నిమిషాలు నిలిస్తే, ఆ ప్లాట్‌ఫారం గంటకు 3 బస్సులకే పనికొస్తుంది. 6 నిమిషాల్లో కదిలితే 10 బస్సులకు. పది ప్లాట్‌ఫారాలుంటే గంటకు 30 బస్సులా, 100 బస్సులా అన్నంత తేడా. రివర్సులకు, ఆలస్యాలకు తరుగు తీసి 100ని 70 చేసుకున్నా రెండింతలు దాటుతుంది. ఆ ఇరవై నిమిషాలూ బస్సు ఎందుకు నిలుస్తుందంటే, చార్టులో బయల్దేరే టైం ఇంకా కాలేదు, డ్రైవరూ కండక్టరూ చాయ్ తాగాలి, కంట్రోలర్ దగ్గర ఎంట్రీ వేయించుకోవాలి, ఆలోగా నాలుగు సీట్లు నిండుతాయి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే. కాకపోతే వీటిలో దేనికీ ఊరి నడిబొడ్డున ఉన్న స్థలం అక్కర్లేదు. ప్రయాణికుడికి కావాల్సింది దిగే చోటు, బస్సుకు కావాల్సింది నిలిచే చోటు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే గొడవంతా.

ఇక రింగు రోడ్డు వాదం. బండి మారడం అనేదే చెడ్డదని కాదు. హైదరాబాద్ పోయే మనవాళ్లు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కడం లేదా? 2017 చివర్లో మెట్రో మొదలయ్యాక ఎవరూ చెప్పకుండానే అలవాటైంది. బస్సు ఎంజీబీఎస్, జేబీఎస్ బస్టాండ్ల దాకా పోతున్నా సరే, అమీర్‌పేట వైపు పనున్నవాళ్లు ఉప్పల్‌లోనే దిగిపోతారు. రైలు కోసం నిమిషాలే ఆగాలి, ఎక్కాక సిగ్నళ్లుండవు, బస్సులో కూర్చున్నదానికన్నా ముందే చేరతారు. పైగా ఇష్టం లేనివాళ్లు బస్సులోనే ఉండొచ్చు. ఈ నాలుగింట్లో ఒక్కటి తగ్గినా జనం మారరు.

బెంగళూరులో అదే జరిగింది. 2014లో ఊరి అంచున పీణ్యలో పెద్ద టెర్మినల్ తెరిచి, పడమటి జిల్లాలకు పోయే కేఎస్‌ఆర్‌టీసీ బస్సులను నడిబొడ్డునున్న మెజెస్టిక్ బస్టాండు నుంచి అక్కడికి మార్చారు. మెట్రో అప్పటికి మెజెస్టిక్ దాకా కలవలేదు. జనం అంత దూరం పోయి బస్సెక్కడానికి ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే బస్సులు మళ్లీ మెజెస్టిక్‌కు వచ్చేశాయి, కట్టిన భవనం మిగిలింది. చెన్నైలో 2023 డిసెంబర్ 30న కిలాంబాక్కం టెర్మినల్ తెరిచి, దక్షిణ జిల్లాల బస్సులను ఊళ్లోని కోయంబేడు బస్టాండు నుంచి అక్కడికి తరలించారు. అది నగరం నడిబొడ్డుకు దాదాపు 30 కిలోమీటర్లు. ముందు బస్టాండు తెరిచారు, పక్కనే రావాల్సిన రైల్వే స్టేషన్‌ను తర్వాతకు వదిలారు. ఆ వరస తప్పడం వల్లే రాత్రిపూట సామాన్లతో దిగినవాళ్లకు తిప్పలు మొదలయ్యాయి.

మన రింగు రోడ్డు మీద ఏముంది? ఒకటి, రింగు పూర్తిగా లేదు. కరుణాపురం దగ్గర విడిపోయి చింతగట్టు మీదుగా ములుగు రోడ్డులోకి తేలే బైపాస్ ఉత్తరం వైపు చుడుతుంది. హైదరాబాద్, కరీంనగర్, ములుగు రోడ్ల బస్సులను ఆ కూడళ్లలో ఆపొచ్చు. నర్సంపేట, ఖమ్మం రోడ్లకు అలాంటి చుట్టు ఇంకా పూర్తి కాలేదు. నెక్కొండ, తొర్రూరు బస్సులను ఎక్కడ ఆపుతారో రింగు రోడ్డు వాదులు ఎప్పుడూ చెప్పరు.

రెండోది మారేచోట పట్టే టైం. నిండు పల్లెవెలుగులో 60 మంది ఉంటారు. సిటీ బస్సు 15 నిమిషాలకొకటి అనుకుంటే సగటున 7, 8 నిమిషాలు నిలబడాలి. ఈలోపు ఇంకో జిల్లా బస్సు వస్తే జనం 120. వచ్చే సిటీ బస్సు ఖాళీగా ఉన్నా సగం మందే ఎక్కుతారు. ఇక టికెట్లు. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఇచ్చేది జీరో టికెట్ అయినా కండక్టర్ గుర్తింపు కార్డు చూడాలి, మిషన్ నొక్కాలి, కాగితం చింపాలి. మనిషికి 8 సెకన్లు వేసుకున్నా 60 మందికి 8 నిమిషాలు. కింద నిలబడే టికెట్లన్నీ కొట్టి పంపితే ఆ 8 నిమిషాలు బస్సు ఆగాలి, నడుస్తూ కొడితే మొదటి స్టాపులో దిగేవాళ్లతో పేచీ. దీనికి మందు ఒకటే, జిల్లా బస్సు టికెట్టే సిటీ బస్సులోనూ చెల్లాలి. అది లేకుండా మార్పిడి పెడితే మగవాళ్లు కనీస చార్జీ ఇంకోసారి కట్టుకోవాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా తేడాగా ఉంటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో వాళ్ల ప్రయాణం ఉచితం. రేగొండ నుంచి హనుమకొండకు పైసా లేకుండా వస్తున్న మనిషిని ఆరెపల్లి దగ్గర దింపి, సిటీ బస్సు రాలేదంటే, ఆమె ఎక్కేది షేర్ ఆటో. దానికి జీరో టికెట్ ఉండదు. కాగితం మీద ఉచితం అలాగే ఉంటుంది, చేతిలోంచి మాత్రం పోనూ రానూ ఆటో డబ్బులు పోతాయి.

ట్రాఫిక్ తగ్గుతుందన్న మాటకు కూడా ఇక్కడే గండి. ఆటోకు ఆరుగురు చొప్పున 60 మందికి 10 ఆటోలు. ఒక బస్సు పొడవు 11, 12 మీటర్లు. ఆటో రెండున్నర మీటర్ల పైమాటే, పదింటికి 25 దాటుతుంది, మధ్యలో సందులు వేరే. గంటకు 30 బస్సులు ఆపి సిటీ బస్సులు చాలినన్ని వేయకపోతే 300 ఆటోలు అదే చౌరస్తాకు వస్తాయి. బస్సైతే స్టాపులో ఆగుతుంది. ఆటో ఎక్కడ చెయ్యెత్తితే అక్కడే.

"మేడారం జాతరకు వేరే పాయింట్లు పెట్టి నడపట్లేదా?" అని కూడా అంటుంటారు. జాతరకు పోయేవాళ్లందరిదీ ఒకటే దిక్కు, ఎక్కడ ఎక్కించినా చేరేది మేడారమే. మామూలు రోజు పొద్దున తొమ్మిదింటి బస్సులో 60 మందికి పది గమ్యాలు. జాతర లెక్క ఇక్కడ అతకదు.

నిజంగా అంచునే ఆపాలంటే కనీసం ఇవి ఉండాలి: 5, 6 నిమిషాలకొక సిటీ బస్సు, ఒకే టికెట్, దిగిన ప్లాట్‌ఫారానికి ఎదురుగానే ఎక్కే ప్లాట్‌ఫారం, నీడ, మరుగుదొడ్లు, రాత్రి లైట్లు. అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి సిటీ బస్సు ఆఖరి జిల్లా బస్సు వచ్చాకే కదలాలి. నయీంనగర్ నాలా పొంగిన రోజో, దారిలో టైరు పేలిన రోజో ఆఖరి బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైతే, పిల్లలతో హైవే పక్కన ఎవరు నిలబడతారో ముందే తేల్చుకోవాలి.

అందుకే మొగ్గు మూడో దారికి. దీన్ని చేయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది తేలిక: బస్సు స్టాండులో దింపి, ఎక్కించుకునే టైం దాకా డిపోలోనో, ఊరి అంచున ఒక ఖాళీ జాగాలోనో నిలవడం. ఖర్చు డెడ్ కిలోమీటర్ల రూపంలో పడుతుంది, ఖాళీ బస్సు పోనూ రానూ తిరగాలి. నిలిచే టైం 15 నిమిషాల లోపైతే ఇది దండగ, డీజిలూ పోతుంది, బస్సు రోడ్డు మీద ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. అరగంట దాటితేనే గిట్టుబాటు.

రెండోది కాస్త కష్టం, లాభం ఎక్కువ: రెండు రూట్లను కలిపి ఊళ్లోంచి అడ్డంగా నడపడం. నర్సంపేట నుంచి వచ్చే బస్సు లేబర్ కాలనీ మీదుగా పోచమ్మ మైదాన్, ఎంజీఎం తాకి, హనుమకొండలో 5 నిమిషాలు ఆగి, మళ్లీ ములుగు రోడ్డు పట్టి గుడెప్పాడ్ మీదుగా పరకాల పోతుంది. అటుదీ అంతే. నర్సంపేట సుమారు 40 కిలోమీటర్లు, పరకాల 35, జోడీ కుదురుతుంది. నిలవడమంతా నర్సంపేటలో, పరకాలలో, అక్కడ జాగాకు కొదవ లేదు. రెండు బస్సులు రెండు ప్లాట్‌ఫారాలను పట్టుకునే చోట, ఒక బస్సు ఒక ప్లాట్‌ఫారాన్ని ఐదు నిమిషాలే వాడుకుంటుంది. నర్సంపేట మనిషి హనుమకొండకు, పరకాల మనిషి ఎంజీఎం గేటు దాకా మారకుండా పోతారు.

ఎక్కడ చెడుతుందంటే, ముందుగా జోడీ దగ్గరే. 15 నిమిషాలకొక బస్సున్న రూటును గంటకొకటున్న రూటుతో కలిపితే ఒకవైపు ఖాళీ, ఒకవైపు తొక్కిడి. 70 కిలోమీటర్ల రూటును 35తో కలిపితే డ్యూటీ గంటలు చాలవు. రెండోది ఆలస్యం. నర్సంపేట రోడ్డులో పోయిన 15 నిమిషాలు పరకాల ప్రయాణికుడి నెత్తిన పడతాయి, అందుకే హనుమకొండ దగ్గర చార్టులో 5, 6 నిమిషాలు ఎక్కువ ఉంచాలి, అంతకన్నా ఎక్కువైతే మళ్లీ పాత కథే. మూడోది డిపోల పంపకం. బస్సు నర్సంపేట డిపోది, సగం ఆదాయం పరకాల రోడ్డులో వస్తుంది. కిలోమీటర్ల లెక్కన బస్సులు పంచుకోకపోతే రెండు నెలల్లో ఎవరి రూటు వాళ్లు విడగొట్టుకుంటారు.

పాత వరంగల్ బస్టాండును కూల్చి కొత్తది కట్టే పని ఎలాగూ మొదలైంది కాబట్టి, అంతస్తుల సంగతి కన్నా ముందు ఒకటి చూడాలి: బస్సు ఒకవైపు దూరి ఇంకోవైపు రివర్సు లేకుండా బయటపడే ప్లాట్‌ఫారాలు కొన్నయినా ఉండాలి. అవి లేకపోతే ఆరు నిమిషాల లెక్క కాగితం మీదే ఉంటుంది.

మిగిలినవి చిన్నవి. 9 నుంచి 11 దాకా పెద్ద బస్సులు రావద్దనడం అంటే ఓపీ చీటీకి, కాలేజీకి వచ్చేవాళ్లనే ఆపడం, పైగా 11 కొట్టగానే అన్నీ ఒక్కసారి మీద పడతాయి. హైదరాబాద్ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో ఊళ్లో దిగేవాళ్లు లేని రాత్రి సర్వీసులైతే బైపాస్ పట్టొచ్చు, పగటివి వద్దు. ఊళ్లలో నైట్ హాల్ట్ చేసి తెల్లారుజామున బయల్దేరే పల్లెవెలుగులు ట్రాఫిక్ లేవకముందే వచ్చి పోతాయి, వాటిని ఏ నియమంలోనూ ఇరికించకూడదు.

మొదలుపెట్టాలంటే పరకాల–నర్సంపేట జోడీ ఒక్కటి చాలు, ఒక నెల. అన్ని బస్సులూ కాదు, ప్రతి మూడో బస్సు. గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ప్రతి బస్సుకూ మూడు టైములు రాయించాలి: గేటులోకి వచ్చింది ఎప్పుడు, ప్లాట్‌ఫారానికి ఆనింది ఎప్పుడు, గేటు దాటింది ఎప్పుడు. మొదటి రెండింటి మధ్య నిమిషాలు ఎక్కువగా ఉంటే లోపల నిలిచిన బస్సులు అడ్డం, చివరి రెండింటి మధ్య ఎక్కువగా ఉంటే చార్టు తప్పు.