అమ్మ మోకాళ్లు, కొండ మెట్లు: ఒక హిమాచల్ ప్యాకేజీ సమీక్ష

మే నెలాఖరులో మా అమ్మ, నేను, నా భార్య, పన్నెండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మొత్తం ఐదుగురం ఒక ట్రావెల్ సంస్థ ద్వారా సిమ్లా, మనాలి, నగ్గర్ చూసి వచ్చాము. ఆరు రాత్రులు, ఏడు పగళ్ల ఈ ప్యాకేజీకి విమాన ఛార్జీలు కాకుండా 1,12,000 రూపాయలు చెల్లించాము. మూడు చోట్ల బస, ఉదయం ఫలహారం, రాత్రి భోజనం, ఏడు రోజులూ మాతోనే ఉండే కారు, డ్రైవరు అందులో భాగం. ఇదే తరహా కార్యక్రమాన్ని చాలా సంస్థలు అమ్ముతున్నాయి కనుక ఇక్కడ పేరు ముఖ్యం కాదు. పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని హిమాలయాలకు వెళ్లదలచిన కుటుంబాలకు ఈ సేవలో ఏది అక్కరకు వచ్చిందో, ఏది ఇబ్బంది పెట్టిందో తెలియాలని వివరంగా రాస్తున్నాను.

సంస్థ పంపిన కార్యక్రమంలో చండీగఢ్ నుంచి సిమ్లాకు కారు ప్రయాణమే ఉంది. మేము పట్టుబట్టి అడిగి, ఆ రోజును కాల్కా నుంచి చిన్న రైలు ప్రయాణంగా మార్పించుకున్నాము. మా సామానుతో డ్రైవరు రోడ్డు మార్గాన ముందుగా వెళ్లి సిమ్లా స్టేషన్ దగ్గర ఎదురుచూశారు. ఈ ఏర్పాటుకు అదనంగా ఏమీ తీసుకోకపోవడం సంస్థ చేసిన మంచి పని. 1903లో మొదలైన ఈ మార్గం 96 కిలోమీటర్ల పొడవున, దాదాపు 650 మీటర్ల ఎత్తు నుంచి 2,000 మీటర్ల పైకి ఐదు గంటల్లో నెమ్మదిగా ఎక్కుతుంది. దారిలో 102 సొరంగాలు ఉన్నాయి. వాటన్నిటిలో పొడవైన బరోగ్ సొరంగం కిలోమీటరు దాటి ఉంటుంది. రైలు అందులోకి వెళ్లగానే మా అబ్బాయి నాయనమ్మ చేయి పట్టుకుని వెలుగు కనబడేవరకు అంకెలు లెక్కపెట్టాడు. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పే పిల్లలకు ఈ రైలు ఎంతో మేలు. నా దృష్టిలో ఈ ప్రయాణాన్ని కోరినవారికి మాత్రమే కాకుండా ప్రతి కుటుంబానికీ ఇవ్వాలి.

సిమ్లా బస విషయంలో మాత్రం సంస్థ జాగ్రత్త వహించలేదు. కొండ వాలులో కట్టిన హోటళ్లలో చాలావాటికి రోడ్డు మీది ప్రవేశ ద్వారం పై అంతస్తులో ఉంటుంది, గదులు కిందికి దిగుతూ వస్తాయి. మాకిచ్చిన గదికి చేరాలంటే 64 మెట్లు దిగాలి, లిఫ్టు లేదు. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి చెప్పాను, వాళ్లు రాసుకున్నారు కూడా. అయినా మొదటి రాత్రి ఆమె గోడ పట్టుకుని, పది మెట్లకొకసారి ఆగుతూ దిగవలసి వచ్చింది. హోటల్ వారు మరునాడు రోడ్డుకు దగ్గరగా ఉన్న గదిని ఇచ్చారు కాబట్టి నా అసంతృప్తి హోటల్ మీద కాదు, చెప్పిన విషయాన్ని వారికి చేరవేయని సంస్థ మీదే. పైగా రెండో రోజు శనివారం కావడంతో సిమ్లా దగ్గరి పర్యాటక స్థలం కుఫ్రీకి వెళ్లే దారిలో వాహనాలు బారులు తీరి ఉదయం సగం కారులోనే గడిచింది. సాయంత్రం వాహనాలు తిరగని మాల్ రోడ్డు మీద అమ్మ బెంచీ మీద కూర్చుని, పిల్లలు చుట్టూ ఆడుకున్న గంటన్నర మాత్రమే ఆ రోజుకు దక్కింది.

మూడో రోజు సిమ్లా నుంచి మనాలికి సుమారు 250 కిలోమీటర్లు. కార్యక్రమంలో 'ఏడు గంటల ఆహ్లాదకర ప్రయాణం' అని రాశారు కానీ, భోజనానికీ విశ్రాంతికీ ఆగుతూ వెళ్లిన మాకు పదిన్నర గంటలు పట్టింది. ఇలాంటి రోజున కుటుంబ ప్రయాణం బాగోగులు డ్రైవరు చేతిలోనే ఉంటాయి. మాతో వచ్చినాయన కుల్లూ ప్రాంతం వారు. అమ్మను 'మాతాజీ' అని పిలిచేవారు. ఆమెకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా ఆమె ఎప్పుడు కాళ్లు చాపుకోవాలనుకుంటున్నదో ఆయనకు మాకంటే ముందే తెలిసేది. మా అమ్మాయి ముఖం పాలిపోవడం అద్దంలో గమనించి, ఎవరూ అడగకముందే కారు ఆపి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టించి, ఫోను పక్కన పెట్టి దూరంగా రోడ్డు మలుపును చూస్తూ ఉండమన్నారు. ఆ తరువాత ఆమెకు వాంతి కాలేదు. ఇరుకు మలుపుల్లో ఎగువకు వచ్చే బండికి దారి ఇచ్చి ఆగడం, వానలో ముందు వాహనాన్ని దాటే తొందర చూపకపోవడం, రాత్రి ప్రయాణాన్ని సున్నితంగా తిరస్కరించడం వంటివి ఏ బ్రోచర్‌లోనూ రాయరు. ఈ ప్యాకేజీలో మేము చెల్లించిన సొమ్ముకు అత్యంత విలువైన ప్రతిఫలం ఆయనే.

మనాలి హోటల్ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఎప్పుడూ వచ్చాయి, భోజనం సాదాసీదా. దేవదారు చెట్ల మధ్య 1553లో కట్టిన హిడింబా దేవి ఆలయం దగ్గర మా అమ్మ పిల్లలకు ఘటోత్కచుడి కథ చెప్పడం మొదలుపెట్టింది. తాను చిన్నప్పుడు విన్న కథలోని తల్లికి ఇంత పెద్ద చెక్క గుడి ఉంటుందని ఆమె ఊహించలేదు.

అసలు పొరపాటు ఐదో రోజున బయటపడింది. కార్యక్రమంలో ఆ రోజు రోహ్‌తాంగ్ కనుమ అని రాసి ఉంది, ఆ రోజు మంగళవారం. నిర్వహణ పనుల కోసం మంగళవారం పర్యాటక వాహనాలను కనుమకు వెళ్లనివ్వరు. మిగతా రోజుల్లో కూడా జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల మేరకు పరిమిత సంఖ్యలోనే వాహనాలకు అనుమతి ఇస్తారు, దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఏటా వందల కుటుంబాలను ఇక్కడికి పంపే సంస్థకు ఈ నియమం తెలియదంటే నేను నమ్మలేను. ఫోను చేస్తే, 'స్థానిక నిబంధనలకు లోబడి' అని షరతుల్లో ఉందని జవాబిచ్చారు. ఆ వాక్యం ఉన్న మాట నిజమే, కానీ వారం వారం మారని ఒక నియమాన్ని తేదీలు వేసేటప్పుడే చూడడం వారి బాధ్యత. పర్మిట్ కోసం వసూలు చేసిన మొత్తాన్ని, రెండుసార్లు రాతపూర్వకంగా అడిగిన తరువాత తిరిగి ఇచ్చారు.

తిరిగివచ్చాక ఆలోచిస్తే, ఆ పొరపాటు మాకు మేలే చేసింది. రోహ్‌తాంగ్ ఎత్తు 3,978 మీటర్లు, మనాలి సుమారు 2,000 మీటర్లు. ఒకే ఉదయం అంత పైకి తీసుకెళ్తే, ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 60 శాతానికి తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, ఆయాసం ఎవరికైనా రావచ్చు, వయసులో ఉన్నవారికీ పిల్లలకూ మినహాయింపు లేదు. సంస్థ పంపిన పదకొండు పేజీల పత్రంలో ఫొటోలు దిగే చోట్ల జాబితా ఉంది కానీ, ఎత్తు గురించి ఒక్క వాక్యం లేదు. రక్తపోటుకు మందులు వాడే మా అమ్మకు వెళ్లే ముందు మేమే వైద్యుణ్ణి సంప్రదించాము. ప్రయాణానికి డబ్బు తీసుకునేవారు కనీసం ఆ సలహా అయినా ఇవ్వాలి.

ఆ మంగళవారం డ్రైవరు మమ్మల్ని అటల్ సొరంగం గుండా సిస్సు గ్రామానికి తీసుకెళ్లారు. 2020 అక్టోబరులో ప్రారంభమైన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు, మేము వెళ్లేటప్పుడు దీనికి పర్మిట్ అవసరం కాలేదు. ఇవతల వైపు పచ్చని అడవి, తడి మేఘం. అవతల లాహౌల్ లోయలో చెట్లు పలచబడి, నిక్కచ్చిగా కోసినట్లున్న బూడిదరంగు కొండలు, వాటి మీద మంచు. సిస్సు కూడా 3,100 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మేము రెండు గంటలకు మించి ఉండలేదు, పిల్లల్ని పరుగెత్తనివ్వలేదు. చంద్రా నది ఒడ్డున అమ్మ నీళ్లలో వేళ్లు ముంచి వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ తరువాత మళ్లీ ముంచి, తడి చేత్తో నా కొడుకు నుదురు తుడిచింది. మంచులో జారే బండ్లు, పసుపుపచ్చ కోట్ల అద్దెలు, జన సమ్మర్దం ఉండే కనుమ కంటే ఆమెకు ఈ చోటే సరిపోయింది.

చివరి రాత్రి బస నగ్గర్‌లో, బియాస్ నది ఎడమ ఒడ్డున ఉన్న ఒక పాత ఇంట్లో. ఈ ప్యాకేజీని ఎంచుకోవడానికి ఆ ఒక్క రాత్రే మాకు కారణం, అది నిరాశపరచలేదు. ఆ ఇల్లు కాఠ్‌కుణి పద్ధతిలో కట్టింది: ఒక వరుస దేవదారు దూలం, ఒక వరుస రాయి, మళ్లీ దూలం, మళ్లీ రాయి, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ లేవు. మూలల వద్ద దూలాలు ఒకదానిలో ఒకటి పట్టుకుని ఉంటాయి కనుక భూమి కదిలినప్పుడు గోడ కొద్దిగా ఊగి మళ్లీ సర్దుకుంటుంది. ఇదే పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట 1905 నాటి కాంగ్రా భూకంపాన్ని తట్టుకుని నిలిచింది. మా అమ్మాయి గోడ పక్కన నిలబడి ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి, తన ఎత్తుకు నాలుగు దూలాలు వచ్చాయని చెప్పింది.

రాత్రి ఆ ఇంటావిడ 'సిడ్డూ' చేశారు. పులిసిన గోధుమ పిండిని అరచేతిలో పరిచి, దంచిన అక్రోటు, గసగసాల ముద్దను మధ్యలో పెట్టి, మడిచి, ఆవిరి మీద ఉడికించారు. గిన్నె మూత తీయగానే మా అమ్మ, 'ఇది మన కుడుమే కదమ్మా' అంది. నా భార్య ఆ మాటను హిందీలో చెబితే, ఇంటావిడ మొదటి ముక్కను విరిచి, దానిలోకి వేడి నెయ్యి పోసి అమ్మ చేతికే ఇచ్చారు. పొద్దున అమ్మ వరండాలో ఎండకు కూర్చుంది. మేము మాత్రం కొంచెం పైకి నడిచి, రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ 1928 నుంచి 1947లో మరణించేవరకు నివసించిన ఇంటిని, ఇప్పుడు మ్యూజియంగా ఉన్నదాన్ని చూసి వచ్చాము. పదింటికల్లా బయలుదేరమని సంస్థ కార్యక్రమం చెబుతోంది. అక్కడ రెండో రాత్రి లేకపోవడం ఈ ప్రయాణంలో నాకు మిగిలిన ఏకైక బాధ. కుఫ్రీ రోజును తీసేసి ఆ రాత్రిని నగ్గర్‌కు ఇచ్చి ఉంటే, అదే ధరకు ఇది ఎంతో మెరుగైన కుటుంబ ప్రయాణమయ్యేది.

కాబట్టి ఈ సంస్థ వద్ద మళ్లీ బుక్ చేస్తానా అంటే, చేస్తాను, కానీ డబ్బు కట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద అడుగుతాను: ప్రతి హోటల్‌లో రోడ్డు నుంచి మా గదికి ఎన్ని మెట్లు, ప్రతి రోజూ చేరే అత్యధిక ఎత్తు ఎంత, మంగళవారం ఎక్కడ ఉంటాము. నాలుగోది అడగడం కాదు, కోరడం: డ్రైవరుగా ఆ కుల్లూ ఆయననే పంపమని.