ముసలి కుక్కకు నడుము పడిపోతే: ఆపరేషనా, మందులూ విశ్రాంతేనా?

“పదకొండేళ్ళ కుక్కకు ఇప్పుడు ఆపరేషన్ అవసరమా?” అని తరచూ అడుగుతుంటారు. వయసు కన్నా ముందు చూడాల్సినవి వెనక కాళ్ళు. గుండె, కిడ్నీలు బాగుంటే ముసలి కుక్క కూడా మత్తుమందు తట్టుకుంటుంది. వెన్నుపాము నలిగి గంటలు గడిచిపోతే మాత్రం పడుచు కుక్కకైనా కష్టమే.

నడుము పడిపోవడానికి తరచూ కారణం డిస్క్ జబ్బు: వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారో, ఉబ్బో వెన్నుపామును నొక్కుతుంది. దీన్ని డాక్టర్లు 5 దశలుగా చూస్తారు. 1లో నొప్పి మాత్రమే. 2లో తూలుతూ నడుస్తుంది. 3లో కాళ్ళు కొద్దిగా కదులుతాయి గానీ లేచి నడవలేదు. 4లో కదలికే ఉండదు, వేలి ఎముకను గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తుంది. 5లో అదీ తెలియదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేలు నొక్కగానే కాలు వెనక్కి లాక్కుంటే “స్పర్శ ఉంది” అనుకుంటారు. మెదడుకు కబురు అందకపోయినా వెన్నుపాము తనంతట తాను ఆ పని చేయగలదు. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, లేదా కరవబోవాలి. అప్పుడే నొప్పి తెలిసినట్టు లెక్క. ఆ పరీక్ష డాక్టరే చేయాలి. ఇంట్లో చేయదగింది ఒకటుంది: పొట్ట కింద చేయి ఆనించి నిలబెట్టి, వెనక పంజాను మడిచి పైభాగం నేలకు తగిలేలా పెట్టండి. వెంటనే సరిచేసుకోకపోతే నరాలు దెబ్బతిన్నాయని అనుమానించాలి.

1, 2 దశల్లో నా మొగ్గు మందులూ విశ్రాంతి వైపే. “మందులు పనిచేయలేదు” అన్న చాలా కేసుల్లో నిజానికి తప్పింది విశ్రాంతి. మాత్రలతో రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గుతుంది, కుక్క సోఫా ఎక్కుతుంది, ఇంకా మానని డిస్క్ మళ్ళీ జారుతుంది. కనీసం 4 వారాలు బోనులోనే ఉంచాలి. లేచి నిలబడి, తిరిగి పడుకోగలిగేంత చోటు చాలు. బయటికి కాలకృత్యాలకు మాత్రమే, అదీ మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్‌తో, పొట్ట కింద తువ్వాలు పట్టుకుని. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఒకటి తుంటి కింద ఉండాలి.

మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటి నొప్పి, వాపు మందులు మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ చూపించండి. ముసలి కుక్కకు ఇది తప్పనిసరి. వాటితో స్టెరాయిడ్ కలిపితే కడుపులో పుండ్లు పడొచ్చు, పేగుకు చిల్లు కూడా పడొచ్చు. మనుషుల ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలు వద్దు. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ ఇస్తే మనుషుల సిరప్ వాడకండి, కొన్నిటిలో కుక్కలకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. పైగా ఆ మందుకు కుక్క మత్తుగా తూలుతుంది; జబ్బు ముదిరిందని కంగారు పడే ముందు మాత్ర వేసిన వేళ చూసుకోండి.

3వ దశకు వచ్చిందంటే, లేదా పొద్దున నడిచిన కుక్క సాయంత్రానికి నడవలేకపోతే, ఎదురుచూడటం మానేయాలి. హఠాత్తుగా జారిన డిస్క్‌లో నొప్పి తెలుస్తున్నప్పుడే ఆపరేషన్ చేస్తే పదిలో దాదాపు తొమ్మిది తిరిగి నడుస్తాయి. నొప్పి కూడా తెలియకపోతే ఆ అవకాశం సగానికి కాస్త పైన, మందులతో అయితే ఇంకా బాగా తక్కువ. కానీ ఈ లెక్కలు డాక్స్‌హుండ్ లాంటి పొట్టికాళ్ళ జాతులవి. పెద్దజాతి ముసలి కుక్కల్లో డిస్క్ నెలల తరబడి మెల్లగా ఉబ్బుతుంది. అక్కడ ఆపరేషన్ ఫలితం అంత ఖాయం కాదు, కొన్ని కుక్కలు ఆపరేషన్ తర్వాత ఇంకా బలహీనపడతాయి కూడా. ఎక్స్‌రేలో ఎముకలు ముళ్ళలా పెరిగాయని చూసి నిర్ణయించకండి, చాలా ముసలి కుక్కలకు అవి మామూలే. వెన్నుపాము కనబడాలంటే ఎమ్మారై కావాలి.

ఏ దారి పట్టినా నడవలేని కుక్క మూత్రం దానంతట అది పూర్తిగా పోకపోవచ్చు. చుక్కలు కారుతున్నాయంటే పోస్తోందని కాదు, నిండి పొంగుతోందని కావచ్చు. పొట్ట నొక్కి ఖాళీ చేయించడం డాక్టరు దగ్గర నేర్చుకుని, రోజుకు 3, 4 సార్లు చేయాలి. అది చేసే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నది ముందే తేల్చుకోండి.

ఆక్యుపంక్చర్, లేజర్ తోడుగా సరే, వాటినే నమ్ముకుని ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు. బరువు తగ్గించడం అందరికీ మేలు. నొప్పి లేకుండా నెలలుగా వెనక కాళ్ళు ఈడుస్తున్న ముసలి జర్మన్ షెపర్డ్ అయితే, అది వెన్నుపామే క్షీణించే జబ్బు కావచ్చు. దానికి కత్తీ పనికిరాదు, బోనూ పనికిరాదు. రోజూ నడిపించాలి, కాళ్ళు పూర్తిగా పడిపోయాక చక్రాల బండి కట్టాలి.