డాలు పట్టుకుని ఎల్డెన్ రింగ్: నాలుగు వందల గంటల తర్వాత గార్డ్ కౌంటర్ గురించి

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. ఆ ప్రపంచం ఎంత విశాలమో, పోరాటాలు ఎంత కఠినమో 2022 ఫిబ్రవరి నుంచి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను ఒక్క సంగతే రాస్తాను. ఎదుటివాడి దెబ్బ డాలు మీద పడగానే కంట్రోలర్ మీద ఆర్2 బటన్ నొక్కితే మన చేయి విసిరే ఎదురుదెబ్బ గురించి. ఆటలో దాని పేరు గార్డ్ కౌంటర్. నాలుగు వందల గంటలకు పైగా ఆడాను. అందులో ముప్పాతిక వంతు గంటలు నన్ను కూర్చోబెట్టింది ఈ ఒక్క కదలికే.

ఎల్డెన్ రింగ్ చేసిన సంస్థ నుంచే వచ్చిన ఈ తరహా ఆటల్లో డాలు పట్టేవాడికి ఎప్పుడూ రెండో పీటే. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో పెద్ద డాలు చాటున నిలబడి చాలా దూరం వెళ్ళవచ్చు. కానీ అది కాపలా పని లాంటిది. దెబ్బ కాచుకోవాలి, డాలు దించి ఒక పోటు పొడవాలి, మళ్ళీ ఎత్తాలి. 2015 నాటి బ్లడ్‌బోర్న్ డాలును దాదాపు పక్కన పెట్టేసింది. అందులో దొరికే చెక్క డాలు వివరణ చదివితే, డాలు మనిషిని చేతులు కట్టుకుని నిలబడేలా చేస్తుందన్న మందలింపు కనిపిస్తుంది. 2019లో సెకిరో కత్తినే డాలుగా మార్చింది, బాగానే మార్చింది. కానీ అక్కడ క్షణం అటూఇటూ కాకుండా నొక్కగల వేళ్ళు ఉండాలి. నాకు నలభై ఏడేళ్ళు. నా వేళ్ళు అలాంటివి కావు.

గార్డ్ కౌంటర్ ఈ లెక్కను తలకిందులు చేసింది. ప్రతి శత్రువుకూ కంటికి కనిపించని నిలకడ ఒకటి ఉంటుంది. బరువైన దెబ్బలు దాన్ని కరిగిస్తాయి. పూర్తిగా కరిగిపోతే వాడు మోకాళ్ళ మీద కూలబడతాడు, అప్పుడు ముందుకు వెళ్ళి గట్టి పోటు పొడవవచ్చు. మామూలు కత్తి దెబ్బ కంటే గార్డ్ కౌంటర్ ఈ నిలకడను చాలా ఎక్కువగా కరిగిస్తుంది. సాధారణ సైనికుడైతే రెండింటికే కూలబడటం తరచూ చూస్తాం. అంటే వాడు నన్ను కొట్టడమే నాకు అవకాశం. వాడి కోపమే నాకు పెట్టుబడి.

దీనికి ధర లేకపోతే ఆట చెడిపోయేది. ఆ ధర స్టామినా, అంటే మన పాత్ర ఓపిక. కాచుకుంటే పోతుంది, ఎదురుకొడితే పోతుంది, డాలు ఎత్తి ఉంచినంతసేపూ తిరిగి రావడం నెమ్మదిస్తుంది. అది అడుగంటాక పడే దెబ్బకు డాలు తెరుచుకుపోతుంది, ఆ తర్వాత వాడి దయ. కాబట్టి ప్రతి దెబ్బ దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇప్పుడే ఎదురుకొట్టాలా, ఇంకొకటి కాచుకోవాలా, వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకోవాలా? ఒక మంచి బాస్, అంటే దారికి అడ్డం నిలిచే పెద్ద శత్రువు, ముందు ఈ ప్రశ్న నిమిషానికి ఇరవైసార్లు వస్తుంది. పోరాటంలో సమతూకం అంటే నాకు ఇదే. బాస్‌కు ఎంత ప్రాణం ఉంది, నా కత్తి ఎంత తీస్తుంది అన్న అంకెలు దాని తర్వాతే.

ఈ ఆటలో బాస్‌లు చెయ్యి ఎత్తి ఆపుతారు. మొదట్లో ఎదురయ్యే మార్గిట్ అనే బాస్ కర్ర పైకెత్తి, మనం తప్పించుకోవడానికి పక్కకు దొర్లేదాకా చూసి, అప్పుడు దించుతాడు. దొర్లడం మీద ఆధారపడినవాడికి ఆ ఆలస్యం ఉరి. డాలు పట్టినవాడికి మాత్రం ఆ కర్ర ఇప్పుడు పడినా, ఇంకో క్షణం ఆగి పడినా ఒకటే. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలో, స్టార్మ్‌హిల్ చెరలో ఉండే క్రూసిబుల్ నైట్ అనే యోధుడి దగ్గర నేను నాలుగు సాయంత్రాలు దొర్లి దొర్లి చచ్చాను. అయిదో సాయంత్రం బ్రాస్ షీల్డ్ ఎత్తాను. అది మామూలు ఇత్తడి డాలే, కానీ ఆయుధపు దెబ్బను నూటికి నూరుపాళ్ళూ ఆపుతుంది. ఆ రాత్రే వాడు కూలబడ్డాడు. తర్వాత స్టార్మ్‌వీల్ కోటలో కర్వ్‌డ్ సోర్డ్ టాలిస్మన్ అనే తాయెత్తు దొరికింది. అది గార్డ్ కౌంటర్ బలాన్ని పెంచుతుంది. మెడలో అది, చేతిలో ఇత్తడి డాలు పెట్టుకుని రాజధాని లేండెల్ దాకా నడిచాను.

నేను ఆడేది రాత్రి పది తర్వాత, ఇంట్లో అందరూ పడుకున్నాక, శబ్దం పూర్తిగా ఆపేసి. దెబ్బ డాలును తాకిన సంగతి నాకు చెప్పేది చేతిలో కంట్రోలర్ వణుకే. వణికింది, నొక్కాను, తగిలింది. ఆ వణుక్కీ వేలికీ మధ్య ఒక లయ కుదిరిపోయింది. ఈ వివరం గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్ళీ రావాలి.

హేలిగ్‌ట్రీ అనే మహావృక్షం మొదట్లో, మలేనియా అనే బాస్ దగ్గర, ఆ లయ తెగిపోయింది. మలేనియా కొట్టిన ప్రతి దెబ్బకూ ఆమె ప్రాణం కొంత వెనక్కి వస్తుంది. ఆ దెబ్బ డాలు మీద పడినా సరే. అది తెలియక మొదటి సాయంత్రం ఎప్పటిలాగే డాలు ఎత్తి నిలబడ్డాను. నా ప్రాణం చెక్కు చెదరలేదు. ఆమె ప్రాణమూ చెదరలేదు. నేను కష్టపడి తీసినదంతా ఆమె నా డాలు మీదే వసూలు చేసుకుంటోంది. ఇంతకాలం నేను నమ్ముకున్న సూత్రం, వాడి దెబ్బే నా పెట్టుబడి అన్నది, అక్కడ ఆమె చేతికి మారింది.

పదకొండు సాయంత్రాలు పట్టింది. మూడోనాడు డాలు తీసేసి దొర్లి చూశాను, ఇంకా ఘోరంగా ఓడాను. ఆరోనాడు ఒక సంగతి గమనించాను. ఆమె అంత భయంకరంగా ఉన్నా నిలకడ తక్కువ మనిషి. గార్డ్ కౌంటర్ తగిలితే చాలాసార్లు ఆమె దెబ్బల వరస మధ్యలోనే తెగిపోతుంది. అయితే వరసలో మొదటి దెబ్బ మాత్రమే కాచుకోవాలి, రెండోది పడేలోపే ఎదురుకొట్టాలి. ఒక్క దెబ్బకు ఆమె తాగే రక్తం తక్కువ, నేను తీసేది ఎక్కువ. నాలుగు దెబ్బలు కాచుకున్నానంటే లెక్క బోర్లా పడుతుంది. ఇక ఆమె గాలిలోకి లేచి ఒక క్షణం నిలిచి మొదలుపెట్టే ఆ కత్తుల వాన దగ్గర డాలు పనికిరాదు. స్టామినా మధ్యలోనే అయిపోతుంది, ఆమె మాత్రం కడుపు నింపుకుంటుంది. లేవడం కనిపించగానే దూరంగా పరుగెత్తడమే. పదకొండో రాత్రి ఒంటి గంట దాటాక ఆమె పడిపోయినప్పుడు నేను కుర్చీలోంచి లేచి, దీపం వేయకుండా, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మంచి పోరాటమే. కానీ సమతూకం దృష్టితో చూస్తే డాలు పట్టినవాడి మీద అక్కడ అదనపు పన్ను పడిందన్న అభిప్రాయం నాకు ఇప్పటికీ ఉంది. దొర్లి తప్పించుకున్నవాడి దగ్గర ఆమెకు ఏమీ దక్కదు, సరిగ్గా కాచుకున్నవాడి దగ్గర దక్కుతుంది. ఆ బాస్ ఐచ్ఛికం కాబట్టి సరిపెట్టుకున్నాను.

ప్యాచ్‌ల గురించి, అంటే ఆటను సవరిస్తూ తర్వాత వచ్చే అప్‌డేట్‌ల గురించి, రెండు మాటలు. 2022 మార్చి 17న వచ్చిన 1.03లో మన ప్రతిరూపంగా పక్కన పోరాడే మిమిక్ టియర్, మంచు చిమ్మే హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్ నైపుణ్యం బలం తగ్గించినప్పుడు చాలామంది బాధపడ్డారు. అదే ప్యాచ్‌లో డాలును గోడలా మార్చే బ్యారికేడ్ షీల్డ్ నైపుణ్యాన్నీ తగ్గించారు. నా మటుకు అది సబబే. గోడకు నిర్ణయాలతో పని ఉండదు. ఆ ఏడాది అక్టోబరులో 1.07 నుంచి ఆటగాళ్ళ మధ్య పోరుకు వేరే లెక్క, ఒంటరి ఆటకు వేరే లెక్క పెట్టే వీలు తెచ్చారు. అంతకన్నా ముందే చేయాల్సిన పని అది. ఎవరో ఇద్దరు ఒకరినొకరు చంపుకోవడంలో వచ్చిన తగువుకు ఇంట్లో ఒంటరిగా ఆడుకునేవాడి కత్తి మొద్దుబారకూడదు.

2024 జూన్ 21న ఈ ఆటకు విస్తరణగా షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చింది. అక్కడ మనం పెంచుకున్న స్థాయి కన్నా స్కాడూట్రీ ముక్కలే ముఖ్యం. మొత్తం యాభై ముక్కలు, ఇరవై మెట్లు. మెట్టు ఎక్కినకొద్దీ మన దెబ్బ పెరుగుతుంది, మనకు తగిలేది తగ్గుతుంది. అయిదు రోజులకే, జూన్ 26న, తొలి మెట్ల బలాన్ని పెంచారు కూడా. ఇదంతా తెలిసే కాజిల్ ఎన్సిస్‌లో రెల్లానా అనే బాస్ ముందుకు తగినన్ని ముక్కలు లేకుండా వెళ్ళాను, అది నా తొందరే. ఆమె రెండు కత్తులతో వరస మీద వరస వేస్తుంది, తర్వాత ఒక కత్తికి మంత్రం, ఇంకోదానికి నిప్పు తగిలిస్తుంది. ఇత్తడి డాలు ఉక్కును ఆపుతుంది గానీ నిప్పును పూర్తిగా ఆపదు. వారం రోజులు ఓడాను.

అప్పుడే సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు. ఆ రాత్రి నా పక్కన కూర్చుని చూస్తూ, కంట్రోలర్ ఒకసారి ఇమ్మని తీసుకున్నాడు. రెండుసార్లు ఓడి, ముఖం చిట్లించి అన్నాడు: "మామయ్యా, ఇది ముందు వణుకుతోంది, దెబ్బ తర్వాత కనిపిస్తోంది. మీరు గమనించలేదా?"

గమనించలేదు. రెండేళ్ళుగా అదే టీవీ, అదే కుర్చీ. వాడు టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి గేమ్ మోడ్ వెతికి పెట్టాడు. బొమ్మను మెరుగుపరచడానికి టీవీ చేసే పనులన్నీ ఆగిపోయాయి. రంగులు కొంచెం వెలిసినట్టు అయ్యాయి. కంట్రోలర్ నా చేతిలో పెట్టి "ఇప్పుడు దొర్లండి" అన్నాడు.

దొర్లాను. రెల్లానా కత్తి నా పక్కనుంచి గాలిని కోసుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ దొర్లాను, మళ్ళీ తప్పింది. రెండేళ్ళలో ఎన్నడూ తెలియని హాయి అది. నా వేళ్ళు ఆలస్యం అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఆలస్యం బొమ్మది. కంటితో చూసి దొర్లాలి కాబట్టి ప్రతిసారీ ఆలస్యంగా దొర్లాను. డాలు విషయంలో మాత్రం చేతికి తెలిసే వణుకును బట్టి నొక్కాను కాబట్టి ప్రతిసారీ సరిగ్గా నొక్కాను. క్రూసిబుల్ నైట్ దగ్గర ఆ నాలుగు సాయంత్రాలూ, అయిదోనాటి గెలుపూ ఒక్కసారిగా వేరేగా కనిపించాయి.

అందుకే పైన రాసిన పొగడ్తను ఇప్పుడు కొంచెం సవరించాలి. గార్డ్ కౌంటర్ నాకు దొర్లడం కన్నా ఎంతో మేలుగా తోచడంలో నా టీవీకి ఎంతో కొంత వాటా ఉంది. గేమ్ మోడ్ పెట్టాక మొదటినుంచి ఇంకో పాత్రతో లిమ్‌గ్రేవ్ దాటాను. మార్గిట్ ఆలస్యాలు నేను రాసినంత ఉరిలా అనిపించలేదు. డాలు అవసరం తగ్గింది. దాని మీద ఇష్టం తగ్గలేదు, అది వేరే సంగతి.

ఇంకో సవరణ కూడా ఉంది. ఆటలో ముందుకు వెళ్ళినకొద్దీ గార్డ్ కౌంటర్‌ను డాలే మింగేస్తుంది. ఫింగర్‌ప్రింట్ స్టోన్ షీల్డ్ లాంటి భారీ డాలు ఎత్తడానికి బలం 48 ఉండాలి, డాలు బరువే 29. అది మోయగలిగితే, డాలు దించకుండానే ఈటెతో పొడుస్తూ చాలామంది బాస్‌లను కూల్చవచ్చు. విస్తరణలోని చివరి బాస్ ప్రామిస్డ్ కన్సార్ట్ రడాన్‌ను, 2024 సెప్టెంబరులో వాడి దెబ్బలు తగ్గించకముందే, నేను అలాగే గెలిచాను. ఆ గెలుపు నాకు గుర్తు కూడా లేదు. అందమైన పద్ధతి కన్నా చప్పని పద్ధతి ఎక్కువ ఫలితం ఇవ్వడం ఈ ఆట సమతూకంలో నాకు కనిపించిన అసలైన లోటు. ఎంతమంది ఆ చప్పని దారిలోనే వెళ్ళి, గార్డ్ కౌంటర్ రుచి తెలియకుండానే ఆట ముగించి ఉంటారో అని బాధ వేస్తుంది.

దానికి మందు ఆ విస్తరణలోనే ఉంది. డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ అనే బిందువును మందుసీసాలో కలుపుకుని తాగితే, దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణంలో కాచుకున్నప్పుడు నష్టం బాగా తగ్గుతుంది, వరసగా అలా కాచుకున్నకొద్దీ తర్వాతి గార్డ్ కౌంటర్ పదునెక్కుతుంది. కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. పాత టీవీ అమరికలో ఇది నాకు ఒక్కసారి కూడా కుదరలేదు, పనికిరానిదని పక్కన పెట్టాను. ఇప్పుడు పది దెబ్బల్లో ఆరింటిని అలా పట్టగలుగుతున్నాను. రెల్లానాను చివరికి ఓడించింది దీనితోనే. భారీ డాలు లేదు, ఇత్తడి డాలే.

కాబట్టి సలహా అడిగేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మీ తెరలో ఆలస్యం ఉండి, మార్చే వీలు లేకపోతే, శబ్దం లేకుండా రాత్రిళ్ళు ఆడే మనిషైతే, మొదటి రోజే డాలు పట్టండి, వణుకును నమ్మండి. తెర బాగుండి, వేళ్ళు చురుకైనవైతే మీకు ఇది నాకు తోచినంత గొప్పగా తోచకపోవచ్చు. మా మేనల్లుడికి తోచలేదు. వాడు డాలు లేకుండా రెండు చేతులతో పెద్ద కత్తి పట్టి ఆడతాడు, మలేనియాను మూడు సాయంత్రాల్లో గెలిచానంటాడు. వెళ్ళేముందు వాడి చేత ఒక్కసారి ఇత్తడి డాలు పట్టించాను. క్రూసిబుల్ నైట్ కత్తి డాలు మీద పడింది, వాడు ఆర్2 నొక్కాడు, నైట్ కూలబడ్డాడు. "ఇంకోసారి" అన్నాడు.