అలాస్కా ఓడలో కొన్న వైఫై: ఎంత పనికివచ్చింది?

సియాటిల్ పరిసరాల్లోని తెలుగు ఇళ్లకు వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారంటే అలాస్కా క్రూయిజ్ దాదాపు ఖాయమే. మేము కూడా మా అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకొని జూన్‌లో ఏడు రాత్రుల ప్రయాణం చేసి వచ్చాము. ఓడలోని భోజనం గురించి, గదుల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక నేను అక్కడ కొన్న ఇంటర్నెట్ సంగతి మాత్రమే రాస్తాను.

సందేశాలకు సరిపోయే ప్యాకేజీ ఒకటి, వీడియోలకు కూడా పనికివచ్చే ప్యాకేజీ మరొకటి ఉన్నాయి. బయలుదేరక ముందే కొనడం వల్ల రెండవది మాకు ఒక ఫోనుకు రోజుకు 20 డాలర్ల చొప్పున, ఏడు రోజులకు 140 డాలర్లు పడింది. ఓడ ఎక్కిన తరువాత కొంటే ధర ఇంకా ఎక్కువ. నలుగురికీ కొంటే 560 డాలర్లవుతుందని లెక్క వేసుకొని, ఒకే కనెక్షన్ తీసుకొని వంతులవారీగా వాడుకున్నాము. ఒకరు లాగౌట్ అయితేనే మరొకరికి దొరికే ఈ పద్ధతి కాగితం మీద బాగానే ఉంటుంది కానీ, మామగారు లాగౌట్ కాకుండా పై డెక్ మీదికి నడకకు వెళ్లిపోతే ఆయన దిగివచ్చేదాకా మిగిలిన ముగ్గురమూ కాచుకొని కూర్చోవలసి వచ్చేది. భోజన వేళలు, కార్యక్రమాల వివరాలు చూపే ఓడ యాప్ మాత్రం ప్యాకేజీ కొనకపోయినా ఓడ వైఫై మీద ఉచితంగానే పనిచేస్తుంది.

వేగం విషయంలో నాకు అంత నమ్మకం ఉండేది కాదు. పాత పద్ధతిలో ఓడలకు సంకేతాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహాల ద్వారా అందేవి. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకనుకు పైగా పట్టేది కనుక ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవారు. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాల సేవను తన నౌకలన్నింటిలో పెడుతున్నట్టు రాయల్ కరీబియన్ 2022లో ప్రకటించిన తరువాత ఈ రంగంలో పరిస్థితి చాలా మారింది. మేము వెళ్లినది వేరే సంస్థ ఓడ అయినా, అందులోనూ తక్కువ ఎత్తు ఉపగ్రహాల సేవే ఉంది. నడి సముద్రంలో మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికి, అంటే ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నరకు, అత్తగారు రాజమండ్రిలోని చెల్లెలితో వాట్సాప్‌లో మాట్లాడుతుంటే అక్కడి కుక్కర్ కూత కూడా మా గదిలో స్పష్టంగా వినిపించింది. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఫోన్లు పట్టుకొనే వేళకు మాత్రం వీడియోలు నత్తనడక నడిచేవి. గదుల గోడలు ఉక్కువి కావడం వల్ల కాబోలు, మంచం దగ్గర కంటే తలుపు దగ్గర సిగ్నల్ మెరుగ్గా ఉండేది.

నా అసలు ఫిర్యాదు ఎండికాట్ ఆర్మ్ గురించి. కొండల మధ్య సన్నగా లోపలికి చొచ్చుకుపోయిన ఆ సముద్రపాయ చివరనే డాస్ హిమానీనదం ఉంటుంది. ఆ దృశ్యాన్ని చెల్లెలికి ప్రత్యక్షంగా చూపిస్తానని అత్తగారు రెండు రోజుల ముందే మాట ఇచ్చి, శాలువా కప్పుకొని పొద్దున్నే డెక్ మీద నిలబడ్డారు. రెండు వైపులా నిటారుగా లేచిన కొండలు ఆకాశాన్ని మూసేస్తే ఉపగ్రహాలు ఎక్కడ కనిపిస్తాయి? రాజమండ్రి ఫోనులో సగం మంచు, సగం శాలువా ఉన్న బొమ్మ ఒకటి గడ్డకట్టుకుపోయి, ఆ తరువాత కాల్ తెగిపోయింది. కొండలను ఎవరూ పక్కకు జరపలేరని నాకు తెలుసు. కానీ ప్రయాణమంతటా వీడియోలు చూడవచ్చని చెప్పి అమ్మినవారు, ఆ పూట కనెక్షన్ ఉండకపోవచ్చని ఒక్క వాక్యం ముందుగా చెప్పవలసింది.

ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. మామగారు కరెంటు బిల్లు కట్టబోతే బ్యాంకు ఓటీపీ ఎస్‌ఎంఎస్‌గా రావాలి. ఓడ వైఫై ఎంత బాగున్నా అది ఆయన ఫోనుకు చేరలేదు. ఓటీపీ కోసమని ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేస్తే ఫోను ఓడలోని సెల్ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. దానికీ వైఫై ప్యాకేజీకీ సంబంధం లేదు, దాని చార్జీలు వేరు, మామూలు విదేశీ రోమింగ్ ప్యాక్ దానికి వర్తించకపోవచ్చు. కనుక ఆయనను ఆ మధ్యాహ్నం జూనోలో ఓడ రేవుకు చేరేదాకా ఆపి, ఊరి టవర్ అందిన తరువాతే బిల్లు కట్టించాను. అక్కడ రేవు పక్కనే, పార్కింగ్ భవనం పైఅంతస్తులో ఉన్న పురపాలక గ్రంథాలయంలో వైఫై ఉచితం. కిటికీలోంచి మన ఓడ కనిపిస్తూనే ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన ఫొటోలన్నీ మేము అక్కడే కూర్చొని దించుకున్నాము.

మాటలకు, సందేశాలకు, వార్తాపత్రిక చదువుకోవడానికి ఈ సేవకు అయిదుకు నాలుగు ఇస్తాను. ధరకు రెండు మించి ఇవ్వలేను. మళ్లీ వెళ్లినా నలుగురికి ఒక కనెక్షనే కొంటాను. ఎండికాట్ ఆర్మ్‌లో పోయిన పూట గురించి రిసెప్షన్‌లో అడిగితే, వాదన లేకుండా ఒక రోజు సొమ్ము 20 డాలర్లు మా గది ఖాతాలో జమచేశారు. మీకూ అలాగే జరిగితే ఓడ దిగే ముందు రాత్రిలోగా అడగండి, ఆ మరునాటి ఉదయం అక్కడి వరుస చాలా పొడవుగా ఉంటుంది.